నోరు మెదపని అయిదు నిమిషాలు

జూన్ 14, శనివారం

ఇయ్యాల రెండు చెవులల్ల గులాబీ రంగు పేస్టు పోయించుకుని వచ్చిన. అందరికి నవ్వులాట, నాకు మాత్రం ఒళ్లు మండుతున్నది.

అంతా మంగేశ్ వల్లనే. మా ఆర్కెస్ట్రా మాలిక్. పోయిన వారం అందర్ని నిలవెట్టి చెప్పిండు, ఇగ స్టేజ్ మీద మా పాట మాకు ఇనిపించే మానిటర్ స్పీకర్లు ఉండయి, అందరు చెవులల్ల ఇన్-ఇయర్లు పెట్టుకునే పాడాలె అని. నారళీ పౌర్ణమి, అంటె రాఖీ పున్నం నాడు మార్కండేయుని రథం తిరిగినంక, పొద్దుమీకి కుంఠా నాకా చౌరస్తాల మా ప్రోగ్రాం. ఢోల్ తాషా, డీజే, ఆ లొల్లిల ఎవని గొంతు వానికే ఇనపడదు, ఆ మాట నిజమే. కని డబ్బాల వచ్చిన రబ్బరు మొగ్గలు నా చెవులల్ల నిలుస్తలేవు. రెండు లైన్లు పాడేలోపల జారి మెడ మీద వేలాడ్తయి. హర్షదకు మాత్రం పుట్టంగనే పెట్టినట్టు కూసుంటయి. హర్షద మా రెండో సింగర్. మంగేశ్ ఆమె దిక్కు చూసి, కోమల్ చెవులు సరిగ లేకపోతె సోలో హర్షద పాడ్తది అన్నడు. నా చెవులు సరిగ లేవంట! నాలుగేండ్ల సంది ఆ సోలో నాది.

అందుకే నా చెవి కొలతకే కస్టమ్ మోల్డ్ చేయించనీకి హోట్గి రోడ్డు మీద చెవుల సెంటర్‌కు పోయిన. అమ్మ తోడొచ్చింది. ఆడ ఋతుజ అని ఒక పిల్ల ఉంటది. లైటు పెట్టి చెవి లోపల చూసింది. దారం కట్టిన దూది ముక్క లోపలికి తోసింది. నా పండ్ల నడుమ ఒక స్పాంజి దిమ్మె పెట్టింది. పాడేటోళ్లకు నోరు తెరిచి ఉండంగనే అచ్చు తీయాలంట. దవడ కదిలితె చెవి లోపలి సందు గూడ కదులుతదంట. పేస్టు గట్టిపడేదాక అయిదు నిమిషాలు కదలొద్దు, ఒక్క మాట మాట్లాడొద్దు అని మరాఠీల రెండుసార్లు చెప్పింది. ఫోన్ మోగితె పక్క రూంలకు పోయింది.

నేను ఒక్క మాట మాట్లాడలే.

అమ్మ ఒక త్రాస్, ఒట్టి తలనొప్పి. నా పని మీద వస్తె, పక్కింటి యల్లమ్మకు చెవులు ఇనపడ్తలేవు, ఈడ పరీక్ష చేస్తరా అడుగు, అడుగు అని కూసున్న కాడ్నించి ఒకటే పోరు. యల్లమ్మ చెవులు యల్లమ్మ చూసుకుంటది, నువ్వు గప్‌చుప్ కూసో అన్న.

జూన్ 15

హర్షద వాట్సాప్ స్టేటస్: మైకు పట్టుకున్న ఫోటో, కింద సోలో అని రాసి కిరీటం బొమ్మ. చూడనట్టే ఉన్న.

జూలై 3, గురువారం

మోల్డుల పార్శిల్ వచ్చింది. కుడిదానికి ఎర్ర చుక్క, ఎడమదానికి నీలం చుక్క. చూడనీకి ముద్దుగనే ఉన్నయి. చెవిల పెట్టి మెల్లగ తిప్పితె లోపల కూసున్నయి. ఫోన్‌ల ట్రాక్ పెట్టిన. బేస్ ఛాతీ మీద కొట్టింది. ఖుషీతో కండ్లల్ల నీళ్లు వచ్చినయి.

తర్వాత పాడిన.

నోరు తెరవంగనే బేస్ మాయం. మూసుకుంటె వస్తది, తెరిస్తె పోతది. పై స్థాయి పట్టుకోనీకి దవడ దించినప్పుడల్ల చెవిల గాలి దూరి అంతా పల్చగైతున్నది. నోరు మూసుకుని పాడే సింగర్ ఎవరన్న ఉంటరా?

అమ్మ ఎదురుంగ కూసొని చూస్తున్నది. ఎట్లున్నది అని అడిగిన. మంచిగున్నది బిడ్డా అన్నది. పిచ్ పోయిందని నాకే తెలుస్తుంటె మంచిగున్నదంట! పోయినేడు గొంతు పట్టేసి కాకి లెక్క పాడిన, అప్పుడు గూడ మంచిగనే ఉండె. ఈమెను అడుగుడు నాదే బుద్ధి తక్కువ.

జూలై 4, శుక్రవారం

ప్రాక్టీసుల మంగేశ్ మూడుసార్లు పాట ఆపిండు. మూడుసార్లు నా దగ్గరనే. హర్షద నేల దిక్కు చూసుకుంట నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, నేను గూడ ఆమె మీద అట్ల నవ్విన్నే.

మంగేశ్ అందరి ముంగట చెప్పిండు. ఆగస్టు మొదటి వారంల ఆఖరి ప్రాక్టీసంట, అప్పటిదాక టైమంట, అప్పటికి గూడ ఇట్లనే ఉంటె నేను కోరస్‌ల నిలబడాల్నంట. కోరస్! నాతోటి ఆ అంటె ఆ, ఓ అంటె ఓ అనిపిస్తడంట.

జూలై 5, పొద్దున 11:30

ఇప్పుడే ఆ సెంటర్‌ల లొల్లి చేసి వచ్చిన.

ఋతుజ నా ముందలనే ల్యాబ్‌కు ఫోన్ చేసింది. వాళ్లు స్కాన్ చూసి, అచ్చుల అలలు ఉన్నయి, దవడ కదిలింది, పేషెంట్ మాట్లాడింది అన్నరంట. నేను పేషెంట్‌నా? మార్కండేయుని మీద ఒట్టేసి చెప్పిన, నా నోట్లె నుంచి ఒక్క శబ్దం రాలే అని. దిమ్మె పండ్ల నడుమ ఉంటె అట్ల కదలదు, మీరే ఏదో చేసిన్రు అన్నది ఋతుజ. నువ్వు ఫోన్‌ల ముచ్చట్లు పెట్టుకుంట పోయి ఇప్పుడు నా మీద రుద్దుతున్నవా, అబద్ధాలకోర్ అన్న. వెయిటింగ్‌ల ఉన్న ముసలోళ్లు సుత చెవుల మిషిన్లు సరిజేసుకుని ఇన్నరు. అమ్మ నా చున్నీ గుంజుకుంటనే ఉన్నది.

ఆఖరికి ఫ్రీల మళ్ల అచ్చు తీస్తమన్నరు. బయటికొచ్చి మెట్ల మీద నిలవడి ఫోన్‌ల సెంటర్‌కు ఒక్క స్టార్ రివ్యూ ఇచ్చిన. అబద్ధాలు చెప్పే సెంటర్, పోకుండ్రి అని రాసిన.

అదే రోజు, మధ్యాహ్నం 2

పొయ్యి మీద కుక్కర్ ఏడో విజిల్ కొడ్తున్నది. అమ్మ వీపు తిప్పుకుని బియ్యం ఏరుతున్నది. అయిదుసార్లు పిలిచిన. పలుకలే. నలుగుర్ల ఆమె పరువు తీసిన్నని అలిగినట్టున్నది. అలిగితె అలగని. గ్యాస్ నేనే బంద్ చేసిన, ఏలు కాలింది.

జూలై 9

రివ్యూకు పదకొండు లైకులు. ఒకటి హర్షదది.

జూలై 15, మంగళవారం

ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్త.

మళ్ల పేస్టు, మళ్ల దిమ్మె. ఈసారి ఋతుజ ఎటు పోలే, నా ఎదురుంగ స్టూల్ ఏసుకుని కూసున్నది. అమ్మ తలుపు కాడ బల్ల మీద. రెండు నిమిషాలు గడిచినయి. ఋతుజ టైమర్ చూసుకుని తల ఎత్తింది, ఒక్కసారి లేచి అరిచింది. మీరిద్దరు మాట్లాడుతున్నరు అన్నది.

లేదు అని చెయ్యి ఊపిన. నిజంగనే లేదనుకున్న. అప్పుడు తెలిసింది, దిమ్మె నా బుగ్గల ఉన్నది, నాలికతోటి పక్కకు తోసేసిన. పెదవులు అమ్మకు చెప్తున్నయి, ఇంక మూడు నిమిషాలు, నువ్వు పోయి చాయ్ తాగు పో అని.

బాపు, అమ్మ పని చేసే మరమగ్గాల కార్ఖానాల ఇరవై లూములు నడుస్తయి. ఆ మోతల గొంతు పని చెయ్యదు. బాపు, అమ్మ, మా గల్లీల అందరు నోరు పెద్దగ తెరిచి పెదవులతోనే చెప్పుకుంటరు. ఈ మేడ మీద నుంచి ఆ మేడకు, ఇంట్ల అన్నం కాడ, పెండ్లిల పంతులు మంత్రాలు చదువుతుంటె సుత. నేను నడక రాకముందే అది నేర్చిన. దాన్ని మేము మాట్లాడుడు అనం. గొంతు తీస్తెనే మాట్లాడినట్టు.

మొదటిసారి గూడ అంతే. ఋతుజ ఫోన్‌కు పోయినంక స్పాంజి పీకి చేతుల పట్టుకుని, అయిదు నిమిషాలు యల్లమ్మ సంగతి మీద అమ్మను పెదవులతో తిట్టిన. ఋతుజ తలుపు తీయంగనే మళ్ల పండ్ల నడుమ పెట్టుకున్న. మార్కండేయుని మీద ఒట్టేసిన. ఒక్క స్టార్ ఇచ్చిన. నన్ను చెప్పుతోటి కొట్టాలె.

ఋతుజ ఖరాబైన అచ్చు తీసి, కడగనీకి అమ్మ ఎనక ఉన్న సింకు కాడికి పోయింది. ఎనక నుంచే అమ్మను అడిగింది, కాకూ, మీరు కార్ఖానాల ఎన్నేండ్ల సంది పని చేస్తున్నరు అని. అమ్మ తిరగలే. ఇంకింత గట్టిగ అడిగింది. అమ్మ నన్ను చూసి నవ్వుతున్నది.

ఋతుజ నా మొఖం చూసింది. నేను అమ్మ మొఖం చూసిన.

ఋతుజ అమ్మను అద్దాల రూంల కూసోవెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది. చప్పుడు ఇనపడితె చెయ్యెత్తు అన్నది. అమ్మ టకటక చెయ్యెత్తింది. నాకు పానం నిమ్మలమైంది. అంతల ఋతుజ లేచి అమ్మ కుర్చీని గోడ దిక్కు తిప్పింది. ఇంతసేపు అమ్మ ఋతుజ ఏలు బటన్ మీదికి పోంగనే చెయ్యెత్తుతున్నది.

గోడ దిక్కు తిప్పినంక ఆ చెయ్యి ఒళ్లెనే ఉన్నది. మస్తుసేపు ఉన్నది.

అదే రోజు, సాయంత్రం 6

యల్లమ్మకు ఏం కాలే. ఆమెకు చీమ నడిచినా ఇనపడ్తది. ఆమె పేరు పెట్టి అమ్మ అడిగింది తన చెవుల సంగతే.

బాపుకు ముందే తెలుసంట. ఆరేండ్ల సంది తెలుసంట. నాకు చెప్పలే. చెప్తె ఏం చేస్తవు, నీ పాట ఖరాబైతది అన్నడు. బాపు మీద పళ్లెం ఇసిరేసిన. తగలలే.

అమ్మను అడిగిన, ఇరవై రెండేండ్లు ఆ లూముల పక్కన దారం కండెలు చుట్టినవు, చెవులల్ల ఇంత దూది పెట్టుకోనీకి ఏం రోగం అని. అమ్మ చెప్పింది. నేను పసిపిల్లనున్నప్పుడు మిషిన్ కింద చాపేసి పండవెడుతుండెనంట. దూది నా చెవులల్ల పెట్టిందంట. తను గూడ పెట్టుకుంటె నేను ఏడిస్తె ఇనపడదని పెట్టుకోలేదంట. తర్వాత అదే అలవాటైందంట.

ఇంత చిన్న ముచ్చటగ చెప్పింది. ఉప్పు అయిపోయింది తేవాలె అన్నట్టు.

అయినా కోపం తగ్గలే. నాలుగేండ్లు ఈమె ముందల పాడిన. నాలుగేండ్లు మంచిగున్నది అన్నది. ఏం ఇన్నవు, ఏం చూసి చెప్పినవు అని అరిచిన. అరుస్తె ఏం లాభం. కని నోరు అంత పెద్దగ తెరిచిన గద, అంతా అర్థమైంది ఆమెకు. నీ మెడ నరాలు చూస్త, సుఖంగ పాడితె నీ ఎడమ కన్ను సగం మూసుకుంటది, అది చూసి చెప్త అన్నది. అది మూసుకోకపోయినా మంచిగనే అంటవు గద అన్న. తల్లిని గద అన్నది.

ఇగ చెప్పకు అన్న. ఇనకుండ మంచిగున్నది అంటె నా మీద ఒట్టు. తెలుసుకోవాలనిపిస్తె నన్నడుగు. సరే అన్నది.

జూలై 16

రివ్యూ తీసేసిన. తప్పు నాదే అని కొత్తది రాసిన. దానికి ఒక్క లైకు రాలే.

జూలై 17, గురువారం

మూడోసారి. అమ్మను రోడ్డు మీదికి తోలి తలుపు పెట్టిన్రు. నేను కండ్లు గూడ మూసుకున్న, ఎవరి మొఖం చూడకుండ. అయిదు నిమిషాలు. ఇంత పొడుగుంటయా అయిదు నిమిషాలు?

తర్వాత అమ్మ వంతు. ఆమె చెవుల మిషిన్లకు గూడ అదే గులాబీ పేస్టు, అదే అచ్చు. పొద్దున దాక ఒద్దు ఒద్దు అని జిద్దు చేసింది. గల్లీల తనను చెవిటి రేణుక అంటరంట. ఎవరన్న అంటె వాళ్ల పండ్లు రాలగొడ్త అన్న. అన్నంత పని చేస్తనని ఆమెకు తెలుసు, అందుకే వచ్చింది. ఋతుజ నన్ను బయటికి పొమ్మని ఏలు చూపింది. తలుపు అద్దంల నుంచి అమ్మ నన్నే చూస్తున్నది, ఏదో చెప్పనీకి. నేను నా చెప్పుల దిక్కు చూసుకుంట నిలవడ్డ.

పోయిన వినికిడి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలె అన్నది ఋతుజ. మిషిన్లు వచ్చుడు పండుగ దాటినంకనేనంట. ఎవరిని తిట్టాల్నో తెల్వక ఆటో ఆయనను తిట్టిన.

ఆగస్టు 4, సోమవారం

నావి వచ్చినయి. చెవిల పెట్టి ఆవులించిన, పోలే. దవడ అటు ఇటు తిప్పిన, పోలే. పైస్థాయి పట్టిన, బేస్ ఉన్న కాడ్నే ఉన్నది. ప్రాక్టీసుల పాట మొదటి నుంచి చివరిదాక ఆగకుండ నడిచింది. మంగేశ్ లిస్టుల సోలో ముందల నా పేరు రాసిండు. హర్షద వచ్చి చెవి దగ్గర చూసి, అతికింది అన్నది. ఆ ఒక్క మాట మంచిగ అన్నది.

కార్ఖానా మాలిక్‌తోటి కొట్లాడి ఆడ అందరికి చెవులల్ల పెట్టుకునే ఫోమ్ బుడ్డలు తెప్పించిన. బాపు తనవి జేబుల పెట్టుకుండు. రేపు నేనే చెవిల కుక్కుత.

ఆగస్టు 9, శనివారం

కుంఠా నాకాల స్టేజ్ మీద, చెవులల్ల సీల్ గట్టిగ ఉన్నది. నా చెవులకు ఢోలు లేదు, జనం లేరు. నా గొంతు, ట్రాక్, అంతే.

అమ్మ స్టేజ్ ముందట్నే నిలవడ్డది. పాట నడుమ ఉత్త మ్యూజిక్ వచ్చే కాడ మైకు దించిన. పెదవులతో అడిగింది, ఎట్ల పాడుతున్నవు బిడ్డా అని.

మంచిగనే పాడుతున్న అన్న, శబ్దం లేకుండ.

అప్పుడు చప్పట్లు కొట్టింది.