చప్పుడు లేని సైలెన్సర్

బామ్మర్దికి,

పోయినసారి మీ ఊరొచ్చినప్పుడు కొట్టులోవన్నీ చూపించి, చివరికి నువ్వే ఏరి బిగించిన సైలెన్సర్ బాగుంది. బండి పిల్లిలా నడుస్తోంది. నీ సరుకులో తప్పేం లేదు. అయినా నా పాతది, వీధి చివరి నుంచే వినపడే ఆ గొట్టం, నీ దగ్గర ఇంకా పడుంటే వెనక్కి పంపు. పక్కింటివాళ్లతో తిట్లు తిన్నది చాలలేదా బావా అంటావని తెలుసు. సిగ్గు విడిచి చెబుతున్నాను. మీ అక్కతో మాత్రం అనకు.

మీ ఊరి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, నేను గేటు తీసిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. లోపల మీ అక్క పగలబడి నవ్వుతోంది. పాప నా పాత హెల్మెట్ పెట్టుకుని, గొంతు బొంగురు చేసి, "ఈ ఇంట్లో నా మాటంటే లెక్కే లేదా!" అంటూ గదంతా తిరుగుతోంది. అచ్చం నేనే. నాకూ నవ్వొచ్చింది.

అంతలో నన్ను చూశారు. పాప హెల్మెట్ తీసి, గౌనుతో దాని అద్దం తుడిచి, తీసినచోటే పెట్టేసింది. మీ అక్క నవ్వు ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఒక్క మాట కూడా అనలేదురా.

ఇన్నాళ్లూ నా బండి మోతే వాళ్లకి ముందుగా కబురు చెప్పేదన్నమాట. సర్దుకోవడానికి ఉన్న ఆ కాస్త వ్యవధి కూడా లాగేసుకున్నాను. అందుకే పాతది పంపమంటున్నాను.

కొత్తది మాత్రం తిరిగివ్వను, అటక మీద దాచుకుంటాను. నన్ను చూసినా వాళ్ల నవ్వు ఆగని రోజంటూ వస్తే, అప్పుడు బిగించుకుంటాను.

నీ బావ