హెబ్రోను చదువుకు తెచ్చిన అప్పు

ఇందుకూరుపేట,
18-4-1963.

చిరంజీవి తమ్ముడు హెబ్రోనుకు, ప్రభువు పేరట అక్క వ్రాయు సంగతులు.

ఆయన దయవల్ల అమ్మా నేనూ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని అడగడం లేదు. పోయిన వారం నిన్ను కళ్లారా చూశాను. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు నీ ఉత్తరానికి జవాబులు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. ఈస్టరు ఆరాధనకు నడిచే వచ్చింది. నువ్వు పంపిన మైపాడు పడవల బొమ్మ అందింది. బడిలో నా బల్ల వెనక గోడకు తగిలించాను. ఆ పడవ మా నాయనదంటే మా నాయనదని మూడో తరగతి పిల్లలు కొట్లాడుకున్నారు.

అప్పు గురించి చెంచురామయ్యగారు ఏమంటున్నారని అడిగావు. విడవలూరు వెళ్లి, ఆయన వడ్ల కొట్టులో కూర్చుని లెక్క చెప్పాను. అసలు పన్నెండు వందలు. వచ్చే ఏడాది నీ చిత్రకళ డిప్లొమా చేతికొస్తే నూట ఇరవై జీతం వస్తుంది, నెలకు పాతిక చొప్పున కడితే అయిదేళ్లలో వడ్డీతో సహా తీరుతుంది అన్నాను. ఆయన నవ్వాడు.

"బొమ్మలేసేవాడికి నూట ఇరవై ఎవురిస్తారు మా? నేను వాణ్ని చూసి ఇయ్యలేదు. నీ సంతకం చూసి ఇచ్చినా."

నాకు కోపం వచ్చింది. నీ తరఫున పోట్లాడి వచ్చాను.

ఆ మర్నాడే ఓబయ్య ఎదురుపడ్డాడు. మన ఊరి నుంచి మద్రాసుకు ఎండుచేపల లోడు తోలే లారీ డ్రైవరు, నీకు తెలుసుగా. "మీ హెబ్రోనును కోడంబాకంలో చూసినా మా. కొయ్యలెక్కి సినిమా బోర్డులకు రంగులేస్తా ఉండాడు. పెద్ద మేస్త్రీ అయినాడంట గదా!" అన్నాడు. సెలవుల్లో చేతిఖర్చుకు చేస్తున్నావేమో అనుకున్నాను. అనుకుంటూనే రైలెక్కాను.

మీ కళాశాలలో గుమాస్తా రిజిస్టరు తిప్పి, అరవయాసతో, "హెబ్రోనా? రెండో సంవత్సరం రానే లేదే అమ్మా. ఇంటికి కాగితం కూడా పంపినామే" అన్నాడు. 1960 జూలైలో నీ పేరు మీద ఎర్రగీత ఉంది. బయట వరండాలో నీ ఈడువాళ్లు మట్టి బొమ్మలు చేస్తున్నారు. వాళ్లలో నీ కోసం వెతికాను, ఆ గీత చూసిన తరువాత కూడా.

ఓబయ్య చెప్పిన గుర్తులు పట్టుకుని కోడంబాకంలో ఆ షెడ్డు కనుక్కున్నాను. నువ్వు పరంజా మీద నిలబడి ఒక హీరోయిన్ కన్ను దిద్దుతున్నావు. ఆ కన్ను నీ అంత ఉంది. నువ్వు ఈల వేస్తున్నావు. ఇంటి దగ్గర నువ్వు ఈల వేయడం నేనెప్పుడూ వినలేదు. వాకిట్లో కూర్చున్న యజమానిని, ఆ పనివాడికి ఏమిస్తారని అడిగాను.

"వారానికి నలభై. మంచి చెయ్యి. ఇంతకీ మీరెవరు?"

బోర్డు రాయించుకుందామని వచ్చానని అబద్ధం చెప్పి వచ్చేశాను. నీకని తెచ్చిన రొయ్యపొడి రైల్లో ఎవరో ముసలావిడకు ఇచ్చేశాను.

నెలకు నూట అరవై, హెబ్రోనూ. నా జీతం డెబ్భై రెండు. అందులోంచి నెలనెలా ముప్ఫై నీకు మనియార్డరు చేశాను, దాదాపు మూడేళ్లు. నువ్వు చదువు మానేసినందుకు కాదు నా బాధ. మాస్టారు నీ రంగుల పొందిక మెచ్చుకున్నారని రాశావే, పరీక్షకు రోజూ పది గంటలు గీస్తున్నానని రాశావే, ఆ ఉత్తరాలు మా బడి పిల్లలకు చదివి వినిపించాను. అవి ఏ పరంజా కింద కూర్చుని రాశావు?

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాకు తెలుసులేమ్మా. ఆ కాగితం వచ్చినప్పుడు నువ్వు బడికి పోయుండావు. వాడు ఇంట్లోనే ఉండాడు. చదివి, అప్పుడే నాతో చెప్పినాడు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే వాణ్ని వాడి దోవన పోనిస్తావా? మళ్లీ ఆడికే తోల్తావు. నీ మాటకు వాడు ఎదురు చెప్పలేడు."

నేను పంపిన ముప్ఫై రూపాయల గురించి అడిగితే మాత్రం చేట తీసుకుని వంటింట్లోకి పోయింది. నా కష్టం తింటూ, ఒకే ఇంట్లో మీరిద్దరూ ఒకటై నన్నొక్కదాన్నే పరాయిదాన్ని చేశారు. కానీ అమ్మ చివర అన్న మాట మాత్రం అబద్ధం కాదు. అందుకే ఇన్నాళ్లూ దాచింది రాస్తున్నాను.

మద్రాసు వెళ్లకముందు నువ్వు నెల్లూరులో డ్రాయింగు మాస్టరు పోస్టుకు అర్జీ పెట్టావు. "అక్కా, నాకిది చాలు, ఇంటి దగ్గరే ఉంటా" అన్నావు. ఆ ఉద్యోగం నీకే వచ్చింది. అరవై రూపాయల జీతం. ఆర్డరు నా చేతికి అందింది. వేరేవాళ్లకు ఇచ్చేశారని నీకు చెప్పి, దాన్ని పొయ్యిలో వేశాను. మద్రాసులో చదివిన తమ్ముడు కావాలనిపించింది నాకు. నువ్వు అడగని చదువుకు నా గొప్ప కోసం అప్పు తెచ్చాను.

అయినా నీ తప్పు దీనితో చెల్లిపోదు. మొదటి ఏడాదికి తెచ్చిన నాలుగు వందలు నావి, నేనే తీరుస్తాను. నువ్వు కళాశాలలో లేని రోజుల్లో తెచ్చిన ఎనిమిది వందలూ వడ్డీతో సహా నీవి. మళ్లీ వెళ్లి అడిగితే, అప్పు ఇలా విడదీయడానికి చెంచురామయ్యగారు ఒప్పుకున్నారు. నువ్వొచ్చి వేరే ప్రోనోటు రాసివ్వాలి. ఈ నెల నుంచి మనియార్డరు రాదు. నీ చదువయ్యాక చూద్దామని ఆపుకున్న టీచరు ట్రైనింగుకు జూన్‌లో చేరుతున్నాను.

దీనికి జవాబు రాయొద్దు. నీ ఉత్తరాలు ఎంత నమ్మకంగా ఉంటాయో నాకు తెలుసు. వచ్చి, నా ఎదురుగా నిలబడి, నోటితో చెప్పు. ఆ కాల్చిన కాగితానికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

ఇట్లు,
ఇప్పటికీ నీ అక్కే అయిన
పుష్పకుమారి.