మూసేసిన నీ కంప్లయింటు

ఒరే కోటీ,

నువ్వు పోయి ఇవ్వాల్టికి ఏడాది. జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ నెట్ సెంటర్‌కెళ్ళాను. గోవాలో సిలిండరు కట్టుకుని మునగటం నేర్చుకొచ్చి, బావుల్లో జారిపడ్డ మోటార్లు తీసేవాడివి కదా. దిగిన ప్రతి బావి లోతూ, లెక్కా ఎక్కించుకునే ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని బాగుచేశారేమో చూద్దామని వెళ్ళాను. పైసా తీసుకోకుండా ఎక్కడెక్కడివాళ్ళో కలిసి దాన్ని రిపేరు చేస్తారని తెగ మురిసేవాడివి.

బాగుపడటమా, నా తలకాయా! వత్సవాయి మంచినీళ్ళ బావిని ఇంకా ఉప్పు సముద్రం కిందే లెక్కేసి, లోతు తగ్గించి చూపిస్తోంది. పైగా దాని మీద నువ్వు పెట్టిన కంప్లయింటు మూసేశారు.

ఎందుకని సెంటర్ రామారావుని అడిగాను.

"ఏవో వివరాలడిగితే మీవాడు ఉలకలేదు, పలకలేదంటండి. అందుకని మూసేశారు."

"కామెర్లతో పోయినోడు ఎట్టా ఉలుకుతాడయ్యా? ఛీ, వీళ్ళ మొహాలు మండ! మనిషేమయ్యాడని అడక్కుండా తలుపేసుకుంటారా?"

నీ పాస్‌వర్డు మీ గేదె పేరేగా. నీ పేరుతోనే రామారావు చేత ఇంగ్లీషులో కొట్టించాను: "ఇంకా బావిలోనే ఉన్నాను. పైకి రావటం ఆలస్యమవుతుంది." రామారావు నా మొహం చూసి, అట్టాగే కొట్టాడు.

టీ తాగొచ్చేసరికి జవాబొచ్చింది. క్షమించమని రాసి, కంప్లయింటు మళ్ళీ తెరిచారు. తొందరేం లేదట, నువ్వు పైకొచ్చేదాకా ఆగుతారట.

ఆగనీ వెధవల్ని. నాకూ తోడుంటారు.