చిన్నమ్మత్త కంచం, బేస్‌బాల్ మైదానం

తెలుక్ ఆన్సన్ ఆడపిల్లల బడిలో ఉపాధ్యాయిని, కీర్తిశేషులు దొరసామిగారి కుమార్తె, నలభై నాలుగేళ్ళ రత్నావతి అనే నేను ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. నాకంత నమ్మకం లేదు గాని, ఆయన చదువు మీద గౌరవంతో ఒప్పుకుంటున్నాను. ఊరంతా మలయా మెర్డేకాకి జెండాలు కుడుతోంది. ఆ స్వాతంత్ర్యం వచ్చే వేళకి నేను జార్జ్ టౌన్‌లో (మద్రాసుది కాదు, ఇక్కడిదే) ఆపరేషన్ బల్ల మీద ఉంటాను.

1. పుస్తకాలు బడికి. పట్టుచీరలు మా వంటమనిషి పాపాయికి. ఆకుపచ్చది ఇప్పుడే తీసుకోమన్నాను. నేను బడికి వెళ్ళాక ఎలాగూ కట్టుకుంటోంది.

2. బాగన్ దాతుక్ కొబ్బరితోట పక్కన నాన్న నా పేర రాసిన మూడెకరాల సంగతి. సర్కారు కమ్యూనిస్టుల మీద ఎమర్జెన్సీ పెట్టిన కొత్తలో, కుర్రవాళ్ళు సాయంత్రాలు అడవిలో వాళ్ళవైపు పోకుండా ఉండాలని, అమెరికాలో చదివిన తోట దొర అక్కడ బేస్‌బాల్ మైదానం వేయించాడు. చూసేవాళ్ళకి వెదురు మెట్లు, ఆటగాళ్ళు తొక్కుతూ చుట్టివచ్చే బేసులకి కొబ్బరిపీచు కుక్కిన గోనెసంచులు. పరుగు ముగిసే చోట 'హోం ప్లేటు' కావాలన్నాడు. తోట గుమాస్తా అయిన నాన్న దాన్ని 'ఇంటి కంచం' అని తర్జుమా చేసుకుని, తన చెల్లెలు చిన్నమ్మత్తకి పెళ్ళిలో పెట్టిన ఇత్తడి కంచం తెచ్చి నేలలో పాతాడు. దొర నవ్వి ఊరుకున్నాడు.

ఆ ప్లేటు మీద కాలు పెడితేనే పరుగు లెక్క అని దొర నేర్పాడు. అన్నం తినే కంచం మీద కాలా! మావాళ్ళు గాలిలా చుట్టివచ్చి, కంచం దగ్గర ఒద్దికగా పక్కకి తప్పుకుని పోయేవారు. అందరికంటే వేగంగా పరిగెత్తే పకీరిసామిని దొర నిలదీస్తే, "కాలెట్టమంటే ఏటి దొరా? మాయమ్మ సంపేస్తాది లా!" అన్నాడు, చివర మలై తోక తగిలించి. (అతనికి నా సైకిలు.) పోలీసు జట్టు బూట్లతో తొక్కి గెలుస్తూ ఉండేది. అత్త వాళ్ళని ఏమీ అనలేదు. వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి.

ఆఖరి ఆటనాడు వాన కురిసి పోలీసుల బూట్లు బురదలో కూరుకుపోయాయి. ఇంగ్లీషు బడిలో చదివిన మా తమ్ముడు కాంతయ్య తిన్నగా వచ్చి కంచం మీద కాలేశాడు. మా జట్టు చరిత్రలో అదొక్కటే పరుగు, అదొక్కటే గెలుపు. జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. అత్త వాళ్ళని తోసుకుంటూ వెళ్ళి కంచం పెకలించి, "నానన్నం తినే కంచం తొక్కినావు. నీకూ నాకూ ఇంక మాటల్లేవు, పో!" అంది. ఆ ఏడే, అడవిలోవాళ్ళకి తిండి అందకుండా, సర్కారు తోట జనాన్ని ముళ్ళకంచె లోపలికి మార్చింది. వెదురు మెట్లు కంచె గుంజలకి పోయాయి, దొర బదిలీ అయ్యాడు. మైదానం ఏడాది బతికింది. అత్త మాట ఇంకా బతికే ఉంది.

3. అప్పటినుంచి ఒకే ఇంట్లో వాళ్ళిద్దరి మాటలూ నేనే మోస్తున్నాను. "ఏటే రత్నా, పులుసులో ఉప్పు సాలిందా అని ఆణ్ని అడుగు" అని ఆవిడ. "సాలిందని సెప్పక్కా" అని జానెడు దూరంలో అతను. మద్రాసు వెళ్ళి బి.ఏ. చదివింది ఇందుకేనా అనిపిస్తుంది. నా తరవాత ఈ ఉద్యోగం ఎవరికి రాయాలి? పాపాయి వద్దంది.

4. కనుక మూడెకరాలూ ఇద్దరికీ ఉమ్మడిగా చెందాలి. కాంతయ్య కొబ్బరి అంటాడు, అత్త ఆనపపాదులు అంటుంది. ఏది నాటాలన్నా ఒకరినొకరు నోరు తెరిచి అడిగి ఒప్పించుకోవాలి. పాపాయితో కబురు చెల్లదు. గోడకి చెప్తున్నట్టు చెప్పడమూ చెల్లదు. ఇది న్యాయమో, నా కసో, తేల్చుకోలేకపోతున్నాను.

5. కంచం అత్తది, రాసే హక్కు నాకు లేదు. ఐతే ఈమధ్య ఆ ఆట నియమాలు చదివాను. ప్లేటుని చేత్తో తాకినా పరుగు లెక్కేనట. దొర చెప్పలేదు, మేం అడగలేదు. ఈ సంగతి ఇద్దరికీ సమాన భాగాలుగా ఇస్తున్నాను.

6. ఇవన్నీ నేను పోయాకే అమలవుతాయని ప్లీడరుగారు అన్నారు. అందాకా ఆగడం నాకిష్టం లేదు. జార్జ్ టౌన్‌కి తోడుగా ఇద్దరినీ రమ్మన్నాను. నాకు మత్తుమందిచ్చాక డాక్టరు బయటికొచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్తాడు. అత్తకి ఇంగ్లీషు రాదు. నేనున్నానో పోయానో తెలియాలంటే ఆవిడ కాంతయ్యనే అడగాలి.

తెలుక్ ఆన్సన్, 1957 ఆగస్టు 24.

(సంతకం) దొ. రత్నావతి

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
మార్గరెట్, ప్రధానోపాధ్యాయిని
యేసుదాసు, లెక్కల మాస్టారు