ర్యామ్ ఒక్కటే వెయ్యమన్నాను

2009 ఆగస్టు 3, రేపల్లె
కిషోర్ ల్యాప్‌టాప్ మళ్ళీ ఆగిపోయింది. వాడు కారు గేమ్ ఆడుతూ రికార్డు చేసుకున్న వీడియో. తెర మీద కారు పోతుంటుంది, వెనక నా గొంతు — అన్నం చల్లారిపోతోందిరా... వాడు, "వస్తన్నా అమ్మా, ఒక్క రౌండు." సరిగ్గా అక్కడే బిగుసుకుపోతుంది. వాడు పోయాక వాడి గొంతు నాకు మిగిలింది అదొక్కటే. అదీ ముక్కలుగా.
ర్యామ్ చాలడం లేదమ్మా, ఇంకోటి వేయిస్తే ఆగకుండా వస్తుంది అంటుంది లావణ్య. అన్నయ్య కూడా వేయిద్దామనుకున్నాడుగా అంటుంది.
వేయిస్తాను.

ఆగస్టు 5
పాసింజర్లో తెనాలి. దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాను. షాపతనికి రెండుసార్లు చెప్పాను — ర్యామ్ వెయ్యి నాయనా, ఇంకేం ముట్టుకోకు. సరేనండి అన్నాడు.

ఆగస్టు 6
తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి తెరిస్తే ఖాళీ. ఏమీ లేదు.

ఆగస్టు 7
మళ్ళీ తెనాలి వెళ్ళి అడిగాను. "ఏది వచ్చినా ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా వేసే ఇస్తామమ్మా. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. బాబుకి కొత్త గేములు కూడా వేశాను."
బాబు లేడయ్యా అన్నాను. తల దించుకున్నాడు. దించుకుంటే వస్తుందా? బూజు దులపమంటే గోడ మీద పటం తీసి పెంటలో పారేస్తారా ఎవరైనా?
ఈయనేమో, పోన్లేవే, ఇప్పుడు స్పీడుగా నడుస్తోందిగా అంటారు. ఆయనతో మాట్లాడను.

ఆగస్టు 8
బాపట్లలో శీనుకి ఫోన్ చేశాను. కిషోర్‌తో చదివినవాడు, అక్కడే కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. "ముందు దాన్ని ఆపెయ్యండి ఆంటీ. చెరిపేసినవి లోపలెక్కడో ఇంకా ఉండొచ్చు, ఆన్ చేసినప్పుడల్లా వాటి మీద కొత్తవి పడతాయి. వచ్చే వారం తీసుకురండి. దొరుకుతుందని మాటివ్వలేను."
ఆపేశాను. బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆగస్టు 9, ఆదివారం
లావణ్య కాలేజీ ప్రాజెక్టు రేపు ఇవ్వాలట. సగం చేసిపెట్టుకున్నది కూడా ఆ తెనాలి వాడి చేతిలోనే పోయింది. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. నెట్ సెంటర్లు మూసి ఉన్నాయి.
ఈయన అరిచారు — బతికున్న పిల్ల సంగతి చూడవా అని. ఎలా వచ్చింది ఆ మాట నోటికి? దాన్ని కన్నది నేను కాదా? వాణ్ణి కన్నది ఆయన కాదా?
లావణ్య అరవలేదు. బీరువా పక్కన నిలబడి మెల్లగా అంది.
"అన్నయ్యైతే ఇచ్చేసేవాడమ్మా."
ఇచ్చేసేవాడు. నిజమే.
తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది. లావణ్య ఇంకా అక్కడే నిలబడి ఉంది...