అవునన్న పాపానికి

కూర్మన్నపాలెం,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు తమ్ముడు సత్తిబాబు నమస్కారాలు పెట్టి రాసుకునే సంగతులు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావగారు, అత్తయ్యగారు, చిట్టితల్లి కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇది చదివే ముందే పార్శిల్ విప్పేసి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా. అయినా వరసగా చదువు. ఫోన్లో రెండు ముక్కలు మెసేజి పెడితే నీకు తృప్తి ఉండదని ఇంత రాస్తున్నాను.

స్టీలు ప్లాంటులో పనికి అలవాటు పడ్డాను. కాంట్రాక్టరు మంచివాడే, కేకలెయ్యడం ఒక్కటే ఆయన జబ్బు. మిల్లు దగ్గర చప్పుడుకి తట్టుకోవాలని మా అందరికీ చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చారు. పెట్టుకున్న మొదటిరోజు ఏమీ వినబడక, ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పెళ్ళిళ్ళలో ఓ మూల కూర్చుంటే నీకు పొగరనుకునేవాళ్ళు కదా.

ఇక్కడ ఎండ కన్నా ఉక్క ఎక్కువ. ఆరేసిన చొక్కా మీద నల్లటి దుమ్ము పడుతుంది. తిండికి లోటు లేదు, సాయంత్రమైతే తాజా చేపలు వస్తాయి. వండుకోవడానికే ఓపిక ఉండదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపించు.

ఇక నీ చెవి మిషను సంగతి. నీకు ఏడో నెలలో అది ఆగిపోతే, సర్వీసు సెంటరు విశాఖపట్నంలోనే ఉందని నా చేతికిచ్చి పంపావు. నీ పురుడు వచ్చేలోపల తెచ్చేస్తానన్నాను. పాపకి ఐదో నెల వచ్చేసింది.

మిషను బాగానే ఉందట. దాన్ని పెట్టి ఛార్జింగ్ చేసే డబ్బా పాడైందట. ఆ డబ్బాలు ఇప్పుడు తయారు చెయ్యడం లేదట, కొత్త డబ్బాలో పాత మిషను పట్టదట. డబ్బా పోతే మిషనే మార్చమంటారేమిటంటే, కంపెనీ పద్ధతి అంతేనన్నారు. గోపాలపట్నంలో రిపేరు షాపులన్నీ తిరిగాను. ఒకాయన విప్పి చూసి, "ఇదెప్పటిదో బావా, దీని పార్టులు ఇప్పుడెక్కడొత్తన్నాయి" అని మూసి ఇచ్చేశాడు. ఇక్కడ మగాళ్ళందరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు. చుట్టరికానికి కొదవ లేదు, డబ్బాకే కొదవ.

మళ్ళీ సర్వీసు సెంటరుకే వెళ్ళాను. కంప్లయింటు పెడితే పాత డబ్బా ఎక్కడైనా ఉందేమో వెతికిస్తామన్నారు. తీరా పెట్టబోతే, మిషను ఎవరి పేరున ఉందో వాళ్ళే ఫోన్లో మాట్లాడాలట.

"ఆవిడకి వినబడదమ్మా, అందుకే కదా ఈ గొడవంతా" అన్నాను.

"నిజమే సార్. కానీ ఆవిడే సెప్పాలి" అంది కౌంటర్లో అమ్మాయి.

అందుకే ఆ రోజు ఆ ఏర్పాటు చేశాను. వాళ్ళు ఫోన్లో ప్రశ్న అడగ్గానే బావగారు నీ భుజం తట్టడం, నువ్వు అవుననడం. పేరిదేనా అంటే అవును, ఊరిదేనా అంటే అవును, మిషను మీదేనా అంటే అవును. అంతవరకూ చక్కగా నడిచింది. ఆఖర్న, "మేడమ్, ఇప్పుడు మీకు వినబడుతోందా?" అని అడిగారు. బావగారు అదే ఊపులో తట్టేశారు. నువ్వు అన్నిటికంటే గట్టిగా అవునన్నావు. వినబడుతోందని కస్టమరే చెప్పారు కాబట్టి సమస్య తీరిపోయిందని రాసుకుని కంప్లయింటు మూసేశారు. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. బావగారిని ఏమీ అనకు, ఆయన అప్పుడే చాలా నొచ్చుకున్నారు.

నాకు ముందు నవ్వొచ్చింది. గదికొచ్చి ఒక్కణ్ణే కూర్చున్నాక ఏడుపొచ్చింది.

మొన్న సెలవుకి మళ్ళీ వెళ్ళాను. అదే అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మేడమ్‌కి ఇనబడతందని రాసుంది సార్" అంది. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ పిల్లని అని ఏం లాభం?

"మా అక్క ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని పడుకుంటుందమ్మా. పాప కదిలి తాడు లాగితే లేస్తుంది. కదలకుండా ఏడిస్తే ఎలాగని కళ్ళు తెరుచుకునే ఉంటుంది" అన్నాను.

ఆ అమ్మాయి కంప్యూటరు వదిలి నా వైపు తిరిగింది.

"అంటే, పాప ఏడుపు ఇంతవరకూ ఇన్లేదా ఆవిడ?"

"లేదమ్మా."

"ఉండన్నయ్యా, నాను సూత్తాను" అని లోపలికెళ్ళింది. ఇన్నాళ్ళకి సార్ పోయి అన్నయ్యనయ్యాను.

ఎవరో పెద్దాయన కొత్త మిషను కొనుక్కుని పాతది అక్కడే వదిలేశాడట. ఆయన డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "పారేసే సామాన్లో ఉంది. మా సార్‌ని అడిగాను, అట్టుకెళ్ళమన్నారు" అంది. నీ మిషను అందులో పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. కాసేపాగి తీసి గుప్పిట్లో మూస్తే కీచుమని అరిచింది. అలా అరిస్తే పనిచేస్తున్నట్టేనట. ఆ అమ్మాయి నాకంటే ఎక్కువ సంబరపడింది. పాపకి పేరేం పెట్టారని కూడా అడిగింది.

డబ్బా జాగ్రత్త అక్కా. దాని వైరు లోపలే చుట్టి పెట్టాను. ఆ రకం పిన్ను ఇప్పుడు దొరకడం లేదు. అత్తయ్యగారు తన ఫోను ఛార్జరు తెచ్చి అందులో గుచ్చకుండా చూసుకో.

ఇంకొక్క మాట. బావగారు ఫోను చేసినప్పుడల్లా పాపని దగ్గర పెడతారు. దాని ఏడుపు విన్నాను, నవ్వు విన్నాను, ఈమధ్య ఊసులు కూడా చెబుతోంది. ఎక్కడో ఉన్న నేను విన్నాను, కన్న నువ్వు వినలేదని ఫోను పెట్టేసిన ప్రతిసారీ మనసు బాధపడేది. దాని గొంతు ఎవరి పోలికో నాకు తెలుసు, కానీ చెప్పను. మిషను పెట్టుకుని ముందు దాని దగ్గరికే వెళ్ళు. విని నువ్వే నాకు రాయి.

అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. చిట్టితల్లికి ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

నీ తమ్ముడు,
సత్తిబాబు

తా.క. మిషనుకి నిండా ఛార్జింగ్ పెట్టే పంపుతున్నాను. అందిన రాత్రి కాలికి తాడు కట్టుకోకు. పాప పిలిస్తే లేద్దువుగాని.