హవిస్ మళ్లీ పెళ్లి చేసుకుంది

లండన్,
మార్చి మొదటి వారం

ప్రియమైన ఐర్లిస్ అక్కా,

ఫోన్‌లో అయితే నేను నటిస్తానని, ఉత్తరంలో అయితే దొరికిపోతానని నువ్వే అంటావు కదా. అందుకే, దొరికిపోదామనే రాస్తున్నాను.

మా నాటకం మూతపడిన సంగతి నీకు తెలుసు. ‘గని గుమ్మం’ పాతికేళ్లు ఆడింది. దాని రెండో భాగం నిండా ఒక వేసవి కూడా ఆడలేదు. ఆడినన్నాళ్లూ తిట్లే. మొదటి భాగం చివర హవిస్ శాలువా కప్పుకుని, ఇక రాని మొగుడి కోసం గని గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది, తెర పడుతుంది. జనం ఇన్నేళ్లూ ఆవిణ్ణి అక్కడే నిలబెట్టి హాయిగా ఇళ్లకు వెళ్లి పడుకున్నారు. రెండో భాగంలో అదే హవిస్ (ఆ వేషం నాదే), ఇరవయ్యేళ్ల తర్వాత, కార్డిఫ్ రేవుకు వెళ్లి ఒక ఓడ వంటవాణ్ణి పెళ్లి చేసుకుంటుంది. పైగా నవ్వుతుంది. ఆ నవ్వే వాళ్లకు గిట్టలేదు. ఒకావిడ నన్ను థియేటర్ వెనక గుమ్మం దగ్గర ఆపి, “సిగ్గుండాలమ్మా! ఆయన పోయి ఎంత కాలమైందని?” అంది. “కథలో ఇరవయ్యేళ్లయిందండీ” అన్నాను. “అయితే మాత్రం?” అంది.

ఇప్పుడు ఆ రెండో భాగాన్నే చిత్రీకరించి సినిమా హాళ్లలో ఒక్క సాయంత్రం చూపిస్తున్నారు. ఒప్పుకున్న హాళ్లలో మన పెన్‌వెర్న్ కార్మికుల హాలు కూడా ఉంది. లండన్ వాళ్లు ఏమన్నా దులిపేసుకోగలను. నాకు పాట వచ్చింది మాత్రం ఆ హాల్లోనే. అక్కడ కూడా ఛీ కొడితే ఇక ఏ మొహం పెట్టుకుని ఇంటికి రాను? నువ్వు వెళ్లి చూడు. ఎవరు ఏమన్నారో, ఎక్కడ గొణిగారో, ఎక్కడ నోరు మూసుకున్నారో అన్నీ రాయి. నా మనసు నొచ్చుకుంటుందని తీపి పూయకు.

నీ మాట కోసం కాచుకుని ఉండే
నెరిస్


పెన్‌వెర్న్,
మార్చి, వాన రోజు

నెరిస్ తల్లీ,

ఊరు ఉడికిపోతోంది. నీ బొమ్మ ఉన్న పోస్టరు హాలు తలుపుకి అంటించిన దగ్గర్నుంచీ నా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. పక్కింటి మైర్‌వెన్ పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్లలు పళ్లెం నిండా తెచ్చింది. ఎవరైనా పోతే తప్ప ఆవిడ పెనం పొయ్యి ఎక్కదు.

“నీ గురించి అలా రాస్తారా ఐర్లిస్? నువ్వింకా బతికుండగానే?” అని ముక్కు చీదింది.

“అది నా గురించి కాదు. నాటకం.”

“నాటకమైతే ఏంటట? గనిలో మొగుడు పోయింది నీకే కదా!”

ఇదీ మనవాళ్ల వరస. ఆ మొదటి నాటకం వచ్చినప్పట్నుంచీ హవిస్‌కీ నాకూ తేడా చెరిపేశారు. మా ఆయన ట్రెవర్‌తో పాటు ఆ రోజు గనిలో పోయినవాళ్ల భార్యల్లో ఊళ్లో మిగిలింది నేనొక్కదాన్నే. ఏటా స్మారకం దగ్గర పూలచక్రం పెట్టేదీ నేనే. ఎక్కడ ఆ నాటకంలోని ‘ఎదురుచూపు పాట’ ఎత్తుకున్నా జనం నా వైపు తిరిగి లేచి నిలబడతారు. నేనూ లేచి, పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. కూరగాయల కొట్లో కూడా నన్ను ముందుకు పంపుతారు. నిజం చెప్పాలంటే ఆ మర్యాద నాకూ అలవాటైపోయింది.

నీ నాటకం ఆడించాలా వద్దా అని మా హాలు కమిటీలో గొడవ. రహస్యంగా ఓట్లు వేస్తే ఒక్క ఓటు తేడాతో ఆడించాలని తేలింది. ఆ ద్రోహి ఎవరా అని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. గాయకబృందాన్ని నడిపే టాల్‌ఫ్రిన్ అయితే ఊరుకోనంటున్నాడు. రెండో అంకంలో నువ్వు పెళ్లి పాట మొదలెట్టగానే బృందమంతా లేచి ఎదురుచూపు పాట అందుకుని నీ గొంతు ముంచేస్తారట. “లేచి బయటికి పోవచ్చు కదా” అన్నాను. “టికెట్టు కొన్నాక పోతామా?” అన్నాడు. చర్చి వెనక గదిలో రోజూ సాధన చేస్తున్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెడతారట.

అసలా వేషం ఎందుకు వేశావే? నాతో ఒక్క మాట అనాల్సింది. నేనీ ఊళ్లో తలెత్తుకు తిరగాలి.

నీ అక్క
ఐర్లిస్


లండన్,
మార్చి

అక్కా,

ప్రియమైన అని రాయబోయి మానేశాను. కోపంగా ఉంది.

నిన్ను అడగాల్సిందా? దేనికి? నేను పాడింది హవిస్ కథ. నీ కథ కాదు. నాకు యాభై నాలుగేళ్లు. ఈ వయసు ఆడదానికి మా రంగంలో ఇచ్చేవి తల్లి వేషాలు, శవం పక్కన ఏడ్చే వేషాలు. మొట్టమొదటిసారి ఒకావిడ ఏడుపు ఆపి నవ్వే వేషం దొరికితే, దాన్ని కాదనడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? ఆ పాట నా జన్మలో అంత బాగా ఏదీ పాడలేదు. ఒకసారి కాదు, రోజూ అంత బాగా పాడాను. పత్రికలవాళ్లు ‘హవిస్ పవిత్రతను మంట గలిపింది’ అని రాసిన మర్నాడు ఇంకా గట్టిగా పాడాను. క్షమాపణ చెప్పమంటే చెప్పను. ఊరు మొత్తం కలిసి అడిగినా చెప్పను.

నన్ను బాధపెట్టింది టాల్‌ఫ్రిన్ కాదు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు ముందు వరసలో కూర్చుని, వాళ్లతో పాటు లేచి నిలబడతావన్న సంగతే మింగుడు పడటం లేదు. నువ్వు లేస్తే అది నా మొహం మీద తలుపు వేసినట్టే.

నీకు అంత తలవంపులైతే ఒక్క మాట చెప్పు. నిర్మాతలకు నేనే ఫోన్ చేసి, మన హాల్లో ఆపించేస్తాను. నీకోసం ఆపిస్తాను. వాళ్లకోసం మాత్రం కాదు.

నెరిస్


పెన్‌వెర్న్

నెరిస్,

ఆపొద్దు.

ఐర్లిస్


లండన్,
ఏప్రిల్ చివర

అక్కా,

ప్రదర్శన అయిపోయి వారం దాటింది. నీ దగ్గర్నుంచి చీటీ ముక్కయినా లేదు. నిన్న మైర్‌వెన్ ఫోన్ చేసింది. “నీ గొంతు ఒక్క ముక్క వినపడితే ఒట్టు! మావాళ్లు దుమ్ము దులిపేశారు” అంది. “మా అక్క ఏం చేసింది?” అంటే, “ఆ మాట నన్నడక్కు. నా నోటితో చెప్పలేను” అని పెట్టేసింది.

లేచి నిలబడ్డావు కదూ? పోనీలే. చెప్పెయ్. వేసవి సెలవులకు వస్తాననుకున్నాను. రాను. ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకు. పళ్లు నూరుతూ రాస్తున్నాను.

నెరిస్


పెన్‌వెర్న్,
మే మొదటి ఆదివారం

నా బంగారు నెరిస్‌కి,

మైర్‌వెన్ నోరు తెరిస్తే అబద్ధమే. నీ పాట ప్రతి ముక్కా వినపడింది. ఎలాగో చెబుతాను, కుదురుగా చదువు.

హాలు కిక్కిరిసింది. తిట్టడానికి వచ్చినవాళ్లు ఫ్లాస్కుల్లో టీ, ఒళ్లో దుప్పట్లు, సంచుల్లో పుదీనా బిళ్లలు తెచ్చుకున్నారు. తెర మీద నువ్వు కనపడగానే, “అదుగో, రొట్టెల కొట్టు వాళ్ల చిన్నది! ఎంత చిక్కిపోయిందో” అని ఎవరో అన్నారు. “తిట్టడానికొచ్చి జాలి పడతావేంటి?” అని ఇంకొకరు కసిరారు. ఓడ వంటవాడు రాగానే గోల. “వీడా! వీడికోసమా! గడ్డమైనా గీసుకోలేదు!” వాడు హవిస్ కోసం మాంసం పులుసు పెడుతుంటే మాత్రం హాలంతా ఒక్కటైపోయింది. లీకు ఉల్లికాడలు ముందే వేసేశాడు కదా! “చివర్లో వెయ్యాలిరా సన్నాసీ!” అని వెనక వరస నుంచి కేక. హవిస్ రెండో పెళ్లి కన్నా అదే పెద్ద పాపమైపోయింది కాసేపు.

విరామంలో ఐస్‌క్రీమ్ గిన్నెలు పట్టుకుని రెండు పార్టీలయ్యారు. “పాపం, ఒంటరిది” అని కొందరు. “ఒంటరిదైతే కుక్కని పెంచుకోవాలి” అని కొందరు. బిలియర్డ్స్ గది తాళాలు చూసే ముసలాయన గొంతు సవరించుకుని, “మా అమ్మ రెండోసారి చేసుకోబట్టే నేను పుట్టానర్రా” అన్నాడు.

ఇక నీ పాట. నువ్వు నోరు తెరిచావో లేదో టాల్‌ఫ్రిన్ చెయ్యెత్తాడు. బృందమంతా లేచి అందుకుంది. మొదటి రెండు పంక్తులు భయంకరంగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ మనవాళ్ల సంగతి నీకు తెలుసు కదా. పుట్టినప్పట్నుంచీ పాడుతున్నవాళ్లు, పక్కన తాళం వినపడుతుంటే దానికి అడ్డంగా నడవలేరు. టాల్‌ఫ్రిన్ చెయ్యి తనకు తెలియకుండానే తెర మీది వాద్యబృందం లయలోకి వెళ్లిపోయింది. మగ గొంతులు కిందికి దిగి నీ స్వరానికి పీట వేశాయి. ఆడవాళ్లు నువ్వు ఊపిరి తీసుకున్న చోట ఆగి, నువ్వు ఎత్తుకున్న చోట ఎత్తుకున్నారు. నిన్ను ముంచుదామని వచ్చి నిన్ను మోశారు! లండన్‌లో నీ వెనక అంత గొప్పగా ఎవరూ పాడి ఉండరు. వాళ్ల మొహాల్లో కోపం, గొంతుల్లో ఆనందం. అంత వింత నేనెక్కడా చూడలేదు.

ఆనవాయితీ ప్రకారం హాలంతా నా వైపు తిరిగి లేచింది. నేను లేవలేదు.

మైర్‌వెన్ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. “లే ఐర్లిస్! కాళ్లు పట్టేశాయా?”

“నా కాళ్లు భేషుగ్గా ఉన్నాయి.”

టాల్‌ఫ్రిన్ పాట మధ్యలో వంగి, “ట్రెవర్ కోసం లేవవమ్మా!” అన్నాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. “ట్రెవర్ కోసం నేను ఇంట్లో ఏడ్చాను టాల్‌ఫ్రిన్. ఇక్కడ నిలబడింది మీకోసం. ఇక నిలబడను” అన్నాను. గట్టిగానే అన్నాను. పాట తడబడి ఆగిపోయింది. తెర మీద నువ్వొక్కదానివే, ఏమీ ఎరగనట్టు పాడుతూనే ఉన్నావు. ఆ తర్వాత బృందంలో వెనక వరస కదిలింది. బస్సు నడిపే గెథిన్, ఊళ్లో అందరికన్నా లోతు గొంతు అతనిదే, మెట్లు దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందూ.

“ఓహో! అందుకా మా వెనక సందులో రోజూ ఆ బూట్ల చప్పుడు!” అంది మైర్‌వెన్.

అవునే, అందుకే. గెథిన్ భార్య పోయి చాలా కాలమైంది. నాలుగేళ్ల నుంచి మా ఇంటి వెనక తలుపు నుంచి వస్తున్నాడు, ముందు తలుపు ఊరిది కాబట్టి. కమిటీలో ఆ ఒక్క ఓటూ నాదే. ఎందుకు వేశానంటే, నీ హవిస్‌ని ఏం చేస్తారో చూసి నా సంగతి తేల్చుకుందామని. నేను వెళ్లాల్సిన చోటికి ముందు నిన్ను తోశాను. పైగా వేషం ఎందుకు వేశావని నిన్నే తిట్టాను. ఆ ఉత్తరం పొయ్యిలో పడెయ్. ఈ ఆలస్యం కూడా అందుకే. నీకు రాసే ముందు ఊరికి మొహం చూపించి, నిలదొక్కుకున్నాక రాద్దామనుకున్నాను.

ఊరు ఏమంటోందా? సగం మంది పలకడం లేదు. కూరగాయల కొట్లో నా వంతు వచ్చేదాకా వరసలో నిలబడుతున్నాను. బంగాళాదుంపలు వరసలో నిలబడి కొన్నా అదే రుచి. స్మారకం దగ్గరికి ఈ ఏడూ వెళ్తాను, గెథిన్‌తో కలిసి. పూలచక్రం నన్ను పట్టుకోనివ్వం అంటే రెండు డాఫడిల్ పూలు చేత్తో పట్టుకెళ్తాను. ఎవరాపుతారో చూస్తాను.

పెళ్లి జూన్‌లో. నువ్వు రావాలి. పట్టపగలు, పెద్ద వీధిలోంచి, తలెత్తుకుని రా. నిన్ను ఒక్క మాట అన్నవాళ్లు ముందు నాకు జవాబు చెప్పుకోవాలి.

ట్రెవర్‌ని మరిచిపోయానంటున్నారు కొందరు. ఎలా మరుస్తాను? అతని నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది. వాళ్లకు గుర్తున్నది అతని చావు ఒక్కటే. అతనే బతికుంటే, ముప్పై ఏళ్లు తన భార్యని అలా నిలబెట్టినందుకు ఊళ్లో ఒక్కొక్కడి చొక్కా పట్టుకుని అడిగేవాడు. అతను లేడు కాబట్టి నేనే అడుగుతున్నాను.

పేరు మార్చుకోబోని, మనసు మార్చుకోబోని
నీ అక్క ఐర్లిస్